పరదేశపు అంగడిలో ఒక ప్రశ్న

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అని మన పెద్దలు ఏనాడో అన్నారు. ఒక దేశపు చరిత్రను తెలుసుకొనడానికి గ్రంథాలయాలున్నవి, ప్రదర్శనశాలలున్నవి, కోటలూ ప్రార్థనాలయాలూ ఉన్నవి. కాని ఆ దేశపు ప్రజలు ప్రతి ఉదయం ఏ దుకాణం ముందు వరుస కట్టి నిలుచుంటారో, ఏ పొట్లాన్ని చేత పట్టుకొని ఇంటికి మరలుతారో చూడనివాడు ఆ దేశాన్ని సగమే చూచినవాడవుతాడు. ఐరోపా ఖండపు నగరాల విషయంలో ఈ మాట మరింత నిజం. అక్కడి పాతవీథులలో ఒకే ఒక వస్తువును తరతరాలుగా తయారు చేసి అమ్మే చిన్న అంగళ్ళు నేటికీ కనిపిస్తాయి. రొట్టె ఒక చోట, చీజ్ ఒక చోట, మిఠాయి ఒక చోట, వేయించిన కాఫీ గింజలు మరొక చోట.

మన కళాశాల విద్యార్థులు పలువురు ఉన్నత విద్య కొరకు ఐరోపాకు వెళ్ళాలని తలపోస్తున్నారు. వారిని మొట్టమొదట వేధించే సందేహం చదువును గురించినది కాదు, భోజనాన్ని గురించినది. "అక్కడ మనం తినదగినది ఏమున్నది?" అని ఒకరికి హలాల్ చింత, మరొకరికి శాకాహార నియమం. పచ్చడి సీసాలతో, అటుకుల పొట్లాలతో బయలుదేరి, ఆ పొట్లాలు ఉన్నన్నాళ్ళూ గది దాటకుండా గడిపినవారిని మేము ఎరుగుదుము. వారి నియమం చెడలేదు, సంతోషమే. కాని వారు వెళ్ళిన నగరం మాత్రం వారికి దక్కలేదు.

ఈ రెండూ నిలుపుకొనే మార్గం లేదా? కలదనియే మా అనుభవం. మేము ముగ్గురు ఉపాధ్యాయులం కలిసి కొన్ని ఐరోపా నగరాలు చూచాము. మాలో ఒకరు ఉర్దూ బోధించేవారు, హలాల్ కానిదానిని ముట్టరు. ఒకరు శాకాహారి, పాలు, గ్రుడ్డు విషయంలో పట్టింపు లేకున్నా మాంసం, చేప వారికి నిషిద్ధాలు. మూడవవారికి తీపి మీద మోజు తప్ప వేరు నియమం లేదు. మమ్మల్ని ప్రతి అంగడిలోనూ ముందుకు నడిపించినది ఒకే ప్రశ్న: "ఇందులో ఏమున్నది?"

చట్టం చెప్పేది, చెప్పనిది

ఐరోపా సమాఖ్య దేశాలలో పొట్లం కట్టి అమ్మే ఆహారం మీద అందులోని పదార్థాలన్నీ అచ్చువేయాలి. విడిగా అమ్మే రొట్టెకూ మిఠాయికీ అంత కట్టడి లేదు. అయితే 2011లో చేసి, 2014 డిసెంబరు నుండి అమలుపరచిన ఒక నిబంధన ప్రకారం, కొందరి శరీరానికి సరిపడని 14 రకాల పదార్థాలు ఉన్నవో లేవో విడి సరుకు విషయంలో కూడా తెలియజేయాలి. గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గ్రుడ్లు, చేపలు, వేరుశెనగ, బాదం వంటి గింజలు, నువ్వులు, ఆవాలు మొదలైనవి ఆ జాబితాలో చేరినవి.

ఈ జాబితా ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకొని కూర్చినది. కనుక పంది కొవ్వు అందులో లేదు, మద్యం లేదు. పశువుల ఎముకల నుండి, చర్మాల నుండి తీసే జెలటిన్ కూడ లేదు. అంటే మన ప్రశ్న మొదలయ్యే చోటికి ఈ చట్టం ఆగిపోతుందన్నమాట. అక్కడినుండి మనకు దిక్కు ఆ వస్తువును స్వయంగా తయారు చేసే మనిషే. పెద్ద బజారులో సరుకు అందించే ఉద్యోగికి అది ఎక్కడ, దేనితో తయారైనదో తెలియకపోవచ్చు. తెల్లవారుజామున లేచి పిండి పిసికిన వ్యక్తికి తెలియకపోదు. చిన్న అంగడి గొప్పతనం ఇక్కడే ఉన్నది.

ప్యారిస్: రొట్టె, చీజ్

ఫ్రెంచివారు రొట్టెను ఎంత గౌరవిస్తారో వారి శాసనాలే చెబుతాయి. 1993లో వెలువడిన ఒక ఉత్తర్వు ప్రకారం "సంప్రదాయ ఫ్రెంచి రొట్టె" అనే పేరుతో అమ్మదలచినవారు గోధుమపిండి, నీరు, ఉప్పు, పులియబెట్టే ఈస్టు లేదా పులిసిన పిండి మాత్రమే వాడాలి. చిక్కుడు జాతి గింజల పిండి, సోయాపిండి, మొలకెత్తిన గోధుమల పిండి అత్యల్ప పరిమాణంలో కలపవచ్చునే గాని, ఏ రసాయనమూ చేర్చరాదు. తయారీలో ఏ దశలోనూ అతిశీతలంలో గడ్డకట్టించరాదు. 1998లో మరొక శాసనం వచ్చినది. పిండి కలపడం నుండి కాల్చడం వరకు అమ్మే చోటనే చేసేవారికి తప్ప "బులాంజరీ", అనగా రొట్టెల అంగడి, అని పేరుపెట్టుకొనే హక్కు లేదని అది నిర్ణయించినది. బారెడు పొడవైన "బాగెట్" రొట్టె తయారీ కౌశలాన్ని 2022లో యునెస్కో మానవజాతి వారసత్వ సంపదలో చేర్చినది.

మా శాకాహార మిత్రులకూ, ఉర్దూ మిత్రులకూ ఈ 1993 నాటి ఉత్తర్వు ఒక అభయపత్రం వలె తోచినది. "ఉన్ ట్రడిసియోన్" అని అడిగి తీసుకొన్న రొట్టెలో ఏమున్నదో మళ్ళీ విచారించనవసరం లేదు. అయితే ఆ రొట్టె పక్కనే పంది మాంసపు ముక్కలు చేర్చి కాల్చిన రొట్టెలు కూడా ఉంటాయి గనుక కంటితో చూచి ఎంచుకోవాలి. అక్కడ మరొక మర్యాద ఉన్నది. అంగడిలో అడుగుపెట్టగానే "బోంజూర్" అని పలకరించిన తరువాతనే ఏదైనా అడగాలి. పలకరించకుండా బేరంలోకి దిగినవానిని వారు మోటువానిగా తలుస్తారు. సలాం చెప్పకుండా, నమస్కారం పెట్టకుండా పరుల ఇంట్లోకి దూరిపోయినట్లన్నమాట.

చీజ్ అంగడి సంగతి వేరు. పాలను విరిచి, నీరు వడకట్టి, ఉప్పు చేర్చి, నెలల తరబడి మాగబెట్టి చేసే పదార్థం చీజ్. రోక్‌ఫోర్ అనే చీజ్‌ను గొర్రెపాలతో చేసి, దక్షిణ ఫ్రాన్సులో అదే పేరుగల గ్రామపు కొండగుహలలో మాగబెడతారు. అందులోని నీలిచారలు ఒకవిధమైన బూజు వలన ఏర్పడినవి. మరొకచోట చేసినదానికి ఆ పేరు పెట్టరాదని 1925లోనే ఫ్రెంచి ప్రభుత్వం శాసించినది.

ఇక్కడ మా ప్రశ్న మాకొక కొత్త సంగతి నేర్పినది. పాలు విరగడానికి వాడే "రెన్నెట్" అనే పదార్థాన్ని పూర్వాచారం ప్రకారం పాలు త్రాగే దూడ లేక గొర్రెపిల్ల పొట్ట నుండి తీస్తారు. పాలవస్తువు గదా అని నిశ్చింతగా ఉన్న శాకాహార మిత్రులు ఈ మాట విని చేయి వెనుకకు తీసుకొన్నారు. హలాల్ పాటించేవారికీ ఇది విచారించుకోవలసిన విషయమే. చెట్టు సంబంధమైన పదార్థంతోనో, సూక్ష్మజీవుల నుండి తీసినదానితోనో విరిచిన చీజ్‌లు కూడా ఉన్నవి. కావలసిందల్లా అడగడమే.

పారిసు నగరంలో 1926లో ప్రారంభమైన పెద్ద మసీదును ఆనుకొని ఒక తేనీటిశాల ఉన్నది. ఉత్తరాఫ్రికా పద్ధతిలో పుదీనా వేసిన తీయని తేనీరు, బాదం మిఠాయిలు అక్కడ దొరుకుతాయి. మతభేదం లేకుండా నగరవాసులందరూ వచ్చి కూర్చుంటారు.

స్పెయిన్: పేరులోనే హెచ్చరిక

ఫ్రాన్సు నుండి దక్షిణంగా స్పెయిన్‌లో ప్రవేశించగానే ఉర్దూ మిత్రుల చెవులు నిక్కపొడుచుకొన్నవి. అక్కడి వంటింటి మాటలలో అరబ్బీ ధ్వని వినిపిస్తుంది. బియ్యం "అర్రోస్", అరబ్బీలో "అర్-రుజ్". చక్కెర "అసూకర్", అరబ్బీలో "అస్-సుక్కర్", మన సంస్కృతంలో "శర్కర". నూనె "అసేయితే", అరబ్బీలో "అజ్-జయ్త్". ఇక "నరాంహ" అనే పండు పేరు వినగానే తెలుగు మిత్రులు నవ్వారు. సంస్కృత నారంగం, పారసీక నారంగ్, అరబ్బీ నారంజ్, స్పానిష్ నరాంహ, మన నారింజ అన్నీ ఒకే కుటుంబపు మాటలు. 711వ సంవత్సరం నుండి 1492 వరకు ఆ దేశంలో ఏదో ఒక భాగం ముస్లింల పాలనలో ఉన్నది. చెరకు, వరి, నారింజ సాగు ఆ కాలంలోనే అక్కడ వ్యాపించినది.

తొలెదో నగరంలో మసపాన్ అనే మిఠాయి ప్రసిద్ధం. బాదంపప్పు, చక్కెర కలిపి మెత్తగా నూరి, చిన్నచిన్న బొమ్మలుగా మలచి, లేతగా కాలుస్తారు. హైదరాబాదు బాదం కీ జాలీ తిన్నవారికి ఇది దూరపు చుట్టమని తోచక మానదు. కొన్ని కన్యామఠాలలో క్రైస్తవ సన్యాసినులు కూడా మిఠాయిలు చేసి అమ్ముతారు. వారు కంటికి కనబడరు. గోడలో అమర్చిన తిరుగుడు బీరువాలో డబ్బు పెడితే, అది తిరిగి మిఠాయి పెట్టె బయటికి వస్తుంది. మాడ్రిడ్ నగరంలో 1894 నుండి నడుస్తున్న సాన్ హినెస్ అంగడిలో చుర్రోస్ తినడం అక్కడివారికి ఒక వేడుక. పిండి, నీరు, ఉప్పు కలిపిన ముద్దను నక్షత్రపు బిళ్ళ వేసిన గొట్టంతో నూనెలోకి వత్తుతారు. మన జంతికల గొట్టమే! దానిని చిక్కని వేడి చాక్లెట్‌లో ముంచుకొని తింటారు.

అయితే ఈ దేశంలోనే మేము ఒక పొరపాటు చేశాము. ఒక పట్టణంలో కాగితంలో చుట్టిన పొడిపొడిలాడే బిస్కెట్లు కొన్నాము. బాదం వాసన ఉన్నది గదా అని ప్రశ్న మరచాము. బసకు వచ్చి కాగితం మీది అక్షరాలు కూడబలుక్కొని చదివితే తెలిసినది, వాటి పేరు "మంతెకాదో" అని. ఆ దేశంలో "మంతెకా" అంటే పంది కొవ్వు! వెన్నను "మంతెకియ" అంటారు. ఒక్క అక్షరపు తేడాలో మా మిత్రుల నియమం ఉన్నది. అదృష్టవశాత్తు ఎవరూ నోట పెట్టలేదు. అట్లే మయోర్కా ద్వీపపు "ఎన్సయిమాద" అనే మెత్తని చుట్టరొట్టె పేరుకు మూలమైన "సయిమ్" అనే మాటకు కూడా అర్థం పంది కొవ్వే. తప్పు అమ్మినవారిది కాదు. వారు పేరులోనే చెప్పారు, అడగనిది మేము.

ఆ రాత్రి ఉర్దూ మిత్రులు చెప్పిన చరిత్ర మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. 1492 తరువాత ఆ దేశంలో యూదులు, ముస్లింలు బలవంతాన మతం మారవలసి వచ్చినది. మారినవారి మీద మతవిచారణ సభల నిఘా ఉండేది. పంది మాంసం తినకపోవడం, కొవ్వుకు బదులు నూనెతో వండుకోవడం కూడా అనుమానానికి కారణాలుగా భావించేవారు. మతం మార్చుకొన్న ముస్లింల సంతతిని సైతం 1609 మొదలు 1614 వరకు దేశం నుండి వెళ్ళగొట్టారు. "ఇందులో ఏమున్నది?" అని నోరు విప్పి అడగడమే ప్రాణాంతకమైన రోజులు ఆ వీథులలో గడచినవి. నేడు అదే వీథిలో అదే ప్రశ్నకు అంగడివారు చిరునవ్వుతో సమాధానం చెబుతున్నారు. అడిగే స్వేచ్ఛ ఎంత విలువైనదో మాకు ఆనాడు బోధపడినది.

ఆ దేశమే శాకాహార మిత్రులకు ఒక సంతోషాన్ని కూడా ఇచ్చినది. పశ్చిమ ప్రాంతంలో "తోర్తా దెల్ కసార్" అనే గొర్రెపాల చీజ్ ఉన్నది. దాని పాలను విరిచేది దూడ పొట్టతో కాదు, ఒక ముళ్ళమొక్క పూలతో. పారిసులో వెనుకకు తీసుకొన్న చేయి ఇక్కడ ముందుకు వచ్చినది.

వియన్నా: కాఫీ

చక్కెర ఐరోపాకు పడమటి వాకిట స్పెయిన్ మీదుగా చేరితే, కాఫీ తూర్పు వాకిలి నుండి వచ్చినది. వియన్నా నగరవాసులు ఇందుకు ఒక కథ చెప్పుకొంటారు. 1683లో తురుష్క సేనలు నగరాన్ని ముట్టడించి, ఓడి వెనుదిరుగుతూ వదలిన సంచులలో కాఫీ గింజలు దొరికినవట. కొల్షిట్స్కీ అనే దూత వాటితో మొదటి కాఫీశాల తెరచాడట. కథ ఇంపుగా ఉన్నా, చరిత్రకారులు 1685లో అనుమతి పొందిన యోహానెస్ దియోదాతో అనే ఆర్మీనియా వర్తకునికే ఆ గౌరవం ఇస్తున్నారు.

వియన్నా కాఫీశాలలో ఒక కప్పు కాఫీ, పళ్ళెంలో దానితోబాటు ఒక గ్లాసు మంచినీరు తెచ్చి పెడతారు. ఆ ఒక్క కప్పుతో వార్తాపత్రికలు చదువుకొంటూ గంటల తరబడి కూర్చున్నా లేవమనేవారు లేరు. హైదరాబాదు ఇరానీ హోటళ్ళ సంస్కారం ఎరిగినవారికి ఇది పరాయి చోటుగా తోచదు. కాని ఇక్కడ కూడా పేర్లు తెలియాలి. "మెలాంజ్" అంటే పాలు, నురుగు చేర్చిన కాఫీ. "ఫియాకర్" అంటే మాత్రం రమ్ము చేర్చినది. "మరియా తెరేసియా" అనే రాణి పేరుగల కాఫీలో నారింజ మద్యం కలుపుతారు. ఆపిల్ ముక్కలు చుట్టిన స్ట్రూడెల్‌లో ఎండుద్రాక్షను రమ్ములో నానబెట్టడం కూడా కలదు. అడిగితే లేనిదేదో చూపిస్తారు.

ఒక రుచికి తయారుచేసినవారు ఎంత విలువ ఇస్తారో చెప్పడానికి ఇక్కడి సాకర్ కేకు ఉదాహరణ. 1832లో ఫ్రాంజ్ సాకర్ అనే యువకుడు మెటర్నిహ్ ప్రభువు విందు కొరకు చేసినదిగా చెప్పే చాక్లెట్ కేకు ఇది. "అసలైన" సాకర్ కేకు మాదంటే మాదని సాకర్ హోటలూ, దెమెల్ మిఠాయి అంగడీ ఏండ్ల తరబడి న్యాయస్థానాలలో వాదించుకొన్నవి. ఆప్రికాట్ జామును కేకు నడుమ కూడా పూయాలా, పైపూత క్రింద మాత్రమేనా అన్నది వాదంలో ఒక అంశం. 1960 దశకంలో రాజీ కుదిరి, "అసలైన" అనే మాట హోటలుకు దక్కినది. నవ్వు పుట్టించే తగాదాయే కావచ్చు. కాని తన వంటలో ఏమున్నదో ప్రాణంతో సమానంగా కాపాడుకొనే స్వభావం అందులో కనిపిస్తుంది.

ఇస్తాంబుల్: తారుమారైన ప్రశ్న

వియన్నాకు కాఫీ వచ్చిన దారినే వెనుకకు నడిస్తే ఇస్తాంబుల్ చేరుతాము. ఈ నగరపు పాతభాగం ఐరోపా తీరాననే ఉన్నది. ఇక్కడ 16వ శతాబ్ది మధ్యభాగంలోనే కాఫీశాలలు వెలసినవి. 1633లో సుల్తాన్ నాలుగవ మురాద్ నిషేధించినా కాఫీ అలవాటు నశించలేదు. రేవు దగ్గరి సుగంధద్రవ్యాల బజారు 17వ శతాబ్దిలో పక్కనున్న "యేనీ జామీ" మసీదుతోబాటు కట్టినది. దాని అద్దెలు మసీదు పోషణకు వక్ఫు. దాని వెలుపలి గోడ పక్కనే 1871లో మెహ్మెత్ ఎఫెంది కాఫీ అంగడి వెలసినది. అంతకు ముందు జనులు పచ్చిగింజలు కొని ఇంట వేయించి దంచుకొనేవారు. వేయించి, పొడిచేసి అమ్మడం ఆయనకు పేరు తెచ్చినది. నేటికీ ఆ వీథి మలుపు తిరగకముందే వాసన ఎదురువస్తుంది.

1777 నుండి నడుస్తున్న హాజీ బెకిర్ మిఠాయి అంగడిలో "లోకుమ్" దొరుకుతుంది. దాని పూర్వపు పేరు "రాహత్-ఉల్-హుల్కూమ్", గొంతుకు హాయి అని అర్థం. ఉర్దూ ఎరిగినవారికి "రాహత్" మాట చెప్పనవసరం లేదు. చక్కెర పాకాన్ని గంజిపిండితో ఉడికించి గట్టిపరుస్తారు. జెలటిన్ వేయరు. కనుక మా ముగ్గురికీ కలిసి తినదగిన మిఠాయి ఇదే అయినది.

ఈ నగరంలో ఉర్దూ మిత్రులు తేలికగా ఊపిరి పీల్చుకొన్నారు. ఇక ప్రశ్న అడిగే వంతు శాకాహార మిత్రులది. పాలమిఠాయిల అంగడిలో తెల్లగా, నున్నగా ఉన్న ఒక పాయసపు ముక్కను చూచి వారు ముచ్చటపడ్డారు. దాని పేరు "తవుక్ గోసు". పాలు, చక్కెర, బియ్యపు పిండితోబాటు అందులో పోగులు పోగులుగా విడదీసిన కోడి మాంసం ఉంటుంది. తీపిలో కోడి ఉంటుందని ఎవరు ఊహిస్తారు? అంతవరకు వారి కొరకు తానూ అడుగుతూ వచ్చిన ఉర్దూ మిత్రులు ముందుగా విచారించి చేయి పట్టి ఆపారు.

1876 నాటి వెఫా బోజా అంగడిలో ధాన్యం పులియబెట్టి చేసే చిక్కని పానీయం అమ్ముతారు. దాల్చినచెక్క పొడి చల్లి, వేయించిన శెనగలు వేసుకొని చెంచాతో తింటారు. పులుపు, తీపి కలిసిన అంబలి అనవచ్చును. కెమాల్ ఆతాతుర్క్ త్రాగిన గ్లాసును అక్కడ భద్రంగా ఉంచారు. పులియడం వలన అందులో అత్యల్పంగా మద్యపు అంశం ఏర్పడుతుంది. ఆ నగర ముస్లింలు అనేకులు దానిని దోషంగా తలచరు. మా మిత్రులు మాత్రం విచారించి మానుకొన్నారు. తెలిసి తినడం, తెలిసి మానడం రెండూ గౌరవనీయాలే. తెలియక తినడం, తెలియక మానడం రెండూ నష్టమే.

తిరిగి వచ్చిన తరువాత

విద్యార్థి మిత్రులకు మా అనుభవసారం ఇది. కొత్త నగరంలో మొదటి ఉదయమే బయలుదేరి, ఊరివారు వరుస కట్టిన చిన్న అంగడిని వెదకండి. ఆ భాషలో పలకరింపు, "పంది", "కొవ్వు", "మద్యం", "మాంసం" అనే మాటలు ముందుగా నేర్చుకోండి. కొద్దిగా, నూరు గ్రాములే కొనండి. "ఇందులో ఏమున్నది?" అని సిగ్గుపడక అడగండి. నియమం గలవాడు అతిథిగా పనికిరాడని ఎవరూ అనరు. అడిగి తిన్నవానికి రుచితోబాటు దాని చరిత్ర కూడా దక్కుతుంది.

మరి మన ఊరిలో పరదేశి వచ్చి ఇదే ప్రశ్న అడిగితే మనం చెప్పగలమా? హైదరాబాదు హలీంకు 2010లోనూ, ఆత్రేయపురం పూతరేకులకు 2023లోనూ భౌగోళిక గుర్తింపు లభించినది. పేరును చట్టం కాపాడగలదు. అందులో ఏమున్నదో, ఎందుకున్నదో చెప్పగల మనుషులు లేనినాడు ఆ పేరు కాగితం మీదనే మిగులుతుంది. మన వీథి చివరి అంగడివారిని మనం ఏనాడైనా అడిగామా?

తురుష్కులు వంట చేసినవారితో "ఎలినిజె సాలిక్" అంటారు. మీ చేతులకు ఆరోగ్యం కలుగుగాక అని అర్థం. దానికి వచ్చే జవాబు "ఆఫియెత్ ఒల్సున్". ఉర్దూవారు "ఖైర్-ఒ-ఆఫియత్" అని ఉత్తరాలలో వ్రాసుకొనే మాటలోని ఆఫియత్ అదే. ఈ రెండు మాటలను మేము పెట్టెలో పెట్టుకొని తెచ్చాము. మన అంగళ్ళలో కూడా వాటికి చోటున్నదని మా నమ్మకం.